ఊహ ముందు, ప్రయోగం తర్వాత: సైన్సు, లెక్కల క్లాసు నడపడం ఎలా?

ఏ4 కాగితాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని నిలువుగా, రెండోదాన్ని అడ్డంగా గొట్టంలా చుట్టండి. అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. సరిగ్గా కలిసేచోట పైనుంచి కిందిదాకా టేపు వేయండి. ఒక గొట్టం సన్నగా పొడుగ్గా వస్తుంది, ఇంకోటి లావుగా పొట్టిగా వస్తుంది. రెండింటినీ పళ్లెంలో నిలబెట్టి పిల్లల్ని ఒక్క మాట అడగండి: దేన్లో గింజలు ఎక్కువ పడతాయి?

చాలామంది "రెండిట్లోనూ సమానమే, కాగితం ఒకటే కదా" అంటారు. కొందరు పొడుగుదాని వైపు మొగ్గుతారు. లావుదాని పక్షాన నిలిచేవాళ్లు కొద్దిమందే. ఇప్పుడు సన్న గొట్టాన్ని లావు గొట్టం లోపల నిలబెట్టి, సన్నదాన్ని అంచుదాకా తేలికైన ఎండు గింజలతో నింపండి. ఇసుక వద్దు, ఆ బరువుకు కాగితం విచ్చుకుంటుంది. నిండాక సన్న గొట్టాన్ని మెల్లిగా పైకి లాగేయండి. గింజలు జారి లావు గొట్టంలో పరుచుకుంటాయి. కానీ గొట్టం నిండదు. మూడింట రెండు వంతులు దాటి కాస్త పైకి వచ్చి ఆగిపోతాయి.

గింజలు జారే ఆ రెండు సెకన్లూ క్లాసులో చప్పుడుండదు. నేను పాఠం చెబుతున్నప్పుడు ఎన్నడూ దొరకని నిశ్శబ్దం అది. అది గింజల మహిమ కాదు. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ అప్పటికే ఒక మాట అనేసి ఉన్నారు, అది నిలుస్తుందా పోతుందా అని చూస్తున్నారు. ఇదే ప్రయోగాన్ని ముందు సూత్రం బోర్డు మీద రాసి, "చూడండి, సూత్రం ప్రకారం లావుదాన్లోనే ఎక్కువ పడుతుంది" అని చేసి చూపిస్తే పిల్లలు తలాడించి ఊరుకుంటారు. వస్తువులు అవే, పిల్లలు వాళ్లే, ఊహ ఒక్కటే లేదు.

కాబట్టి ఈ వ్యాసంలో చెప్పేదంతా ఒకే పద్ధతి చుట్టూ తిరుగుతుంది. ముందు ఊహించమనండి, తర్వాత చేయనివ్వండి, ఆ తర్వాతే కారణం వెతకండి.

మొదటి మెట్టు: ప్రశ్నను సరిగ్గా ఎంచుకోండి

"ఏమవుతుందో చెప్పండి" అనేది మంచి ప్రశ్న కాదు. మరీ విశాలంగా ఉంటుంది, పిల్లలు తడుముకుంటారు, చివరికి ముందు బెంచీలో ఇద్దరు చెప్పిందే క్లాసు మాటైపోతుంది. "ఎక్కువా, తక్కువా, సమానమా?" అని అడగండి. "ఏది ముందు?" అని అడగండి. ఎంచుకోవడానికి రెండు మూడు జవాబులు ఉండాలి, ప్రతి జవాబు వెనకా నమ్మదగ్గ కారణం ఒకటి ఉండాలి. అందరూ ఒకే జవాబు చెప్పి, అదే నిజమైతే ఆ ప్రయోగానికి పీరియడ్ ఖర్చు చేయక్కర్లేదు, నోటితో చెప్పేయండి.

మంచి ప్రశ్న దొరికే చోటు పిల్లల తప్పులే. పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు ఒకే తప్పు పదిమందికి వస్తే అది అజాగ్రత్త కాదు. వాళ్ల తలలో ఒక నియమం ఉంది, దాని ప్రకారమే నడుస్తున్నారు. 0.35 పెద్దదా, 0.5 పెద్దదా అంటే 35 పెద్దది కాబట్టి 0.35 అనేవాళ్లు అలాంటివాళ్లే. ఆ నియమాన్ని బయటికి లాగే ప్రశ్న వేయండి.

రెండో మెట్టు: ఊహను కాగితం మీద పెట్టించండి

నోటితో చెప్పిన ఊహ జారిపోతుంది. ఫలితం వచ్చాక "నేనూ అదే అనుకున్నా" అని అందరూ అంటారు, నిజంగానే అలా అనుకున్నామని నమ్ముతారు కూడా. అందుకే నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయించండి. ఒకటి జవాబు, రెండోది "ఎందుకంటే" అని మొదలయ్యే వాక్యం. రాసింది చెరపకూడదు, కొట్టేయకూడదు. దానికి మార్కుల్లేవని ముందే చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. ఒక్కసారి తప్పు ఊహకు ఎర్ర సిరా గీత పడిందంటే ఇక ఆ ఏడాదంతా పిల్లలు మీ మొహం చూసే ఊహిస్తారు.

రాశాక చేతులెత్తించి లెక్కపెట్టండి. బోర్డు మీద మూడు గడులు గీసి, ఏ జవాబుకు ఎంతమందో అంకెలు వేయండి. ఎవరు సరి అన్నది అప్పుడే బయటపెట్టకండి. మీ కనుబొమలు కూడా ఏమీ చెప్పకూడదు. ఇది అలవాటు కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మూడో మెట్టు: ఆగండి, పక్కవాళ్లతో మాట్లాడనివ్వండి

1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసులను టేపు మీద రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచరు ఆగేది సగటున ఒక్క సెకనేనని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచినప్పుడు జవాబులు పొడుగయ్యాయి, ఎక్కువమంది పిల్లలు తమంతట తాము మాట్లాడారు, నోరు మెదపకుండా ఉండిపోయేవాళ్లు తగ్గారు. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది. బోర్డు దగ్గర నిలబడితే అది చాలా పెద్ద నిశ్శబ్దం. మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకోండి.

చేతుల లెక్క రెండుగానో మూడుగానో చీలితే వెంటనే ప్రయోగానికి వెళ్లకండి. "మీతో ఏకీభవించనివాళ్లను ఒకరిని వెతికి, వాళ్లను ఒప్పించండి. రెండు నిమిషాలు" అనండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు చెప్పే ఎరిక్ మజూర్ 1991లో ఇలాంటి పద్ధతినే మొదలుపెట్టారు: ముందు ఎవరికి వారు జవాబివ్వడం, పక్కవాళ్లతో వాదించుకోవడం, మళ్లీ జవాబివ్వడం. చిన్న క్లాసుల్లోనూ ఇది బాగా పనిచేస్తుంది. నిన్ననే అర్థమైన పిల్లకు తనకు ఎక్కడ చిక్కు పడిందో ఇంకా గుర్తుంటుంది. ఏళ్ల తరబడి చెప్పి చెప్పి కొట్టినపిండి అయిపోయిన మనకు అది గుర్తుండదు.

రెండోసారి చేతులెత్తించి కొత్త అంకెల్ని పాత అంకెల పక్కనే రాయండి. మనసు మార్చుకున్నవాళ్లలో ఒకరిని "ఏ మాట విని మారావు?" అని అడగండి. ఇక్కడ మీకు తెలిసేది ఏ పరీక్షలోనూ తెలియదు.

నాలుగో మెట్టు ప్రయోగం. దాని గురించి కింద వివరంగా రాస్తాను. ఐదో మెట్టు, అంటే ఫలితాన్ని ఊహతో పోల్చడం, చాలా క్లాసుల్లో గంట కొట్టేయడంతో కొట్టుకుపోతుంది. 45 నిమిషాల పీరియడ్‌లో ఊహకు, చర్చకు 10, చేయడానికి 15, కారణం వెతకడానికి 15, చివర రాయడానికి 5 ఉంచుకోండి. సమయం చాలకపోతే ప్రయోగంలో కోత పెట్టండి, ఆ చివరి ఇరవై నిమిషాల్ని మాత్రం ముట్టుకోకండి.

సైన్సు క్లాసుకు

ఒక్క నిమిషంలో అయిపోయేదానితో మొదలుపెట్టండి. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో కాగితం ముక్క పట్టుకుని ఒకేసారి వదలండి. పుస్తకం ముందు పడుతుంది. ఇప్పుడు పుస్తకం కంటే చిన్నదైన ఆ కాగితాన్ని పుస్తకం మీదే పరిచి, వదిలేముందు అడగండి. కాగితం వెనకబడిపోతుందా, కలిసి పడుతుందా? కలిసే పడుతుంది. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తిని, ఈకను ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకాయి. అక్కడ గాలి లేదు. కాగితం తర్వాత ఆ వీడియో చూపిస్తే పిల్లలకు అది దూరపు సంగతిలా అనిపించదు.

ఉన్ని, మంచు

సమానమైన మంచు ముక్కలు రెండు తీసుకోండి. విడివిడిగా చిన్న ప్లాస్టిక్ కవర్లలో వేసి మూతి కట్టండి. ఉన్ని తడిస్తే ఫలితం పాడవుతుంది కాబట్టి కవరు తప్పనిసరి. ఒకదాన్ని స్వెటర్‌లో మూడు నాలుగు పొరలు చుట్టండి, రెండోదాన్ని ఊరికే పళ్లెంలో పెట్టండి. ఏది ముందు కరుగుతుంది?

స్వెటర్‌లోదే అని గట్టిగా చెబుతారు. "ఎందుకంటే స్వెటర్ వేడిగా ఉంటుంది." వాళ్ల అనుభవం అదే కదా, అందుకే ఇది ఇంత మంచి ప్రశ్న. పీరియడ్ మొదట్లో పెట్టి, వేరే పని చేసుకుని, చివర్లో విప్పి చూడండి. బయటిది చాలావరకు నీళ్లైపోయి ఉంటుంది, స్వెటర్‌లోది ఇంకా ముక్కగానే ఉంటుంది.

ఇక్కడ ఆగిపోతే సగం పనే అయినట్టు. చాలామంది పిల్లలు వెంటనే "ఓహో, స్వెటర్ చల్లగా ఉంటుందన్నమాట" అని ఇంకో తప్పు దారి పడతారు. అందుకే మర్నాటికి రెండో ప్రశ్న ఉంచుకోండి. ఖాళీ స్వెటర్‌లో థర్మామీటర్ చుట్టి రాత్రంతా ఉంచితే గదికంటే ఎక్కువ చూపిస్తుందా, తక్కువా, సమానమా? సమానంగానే చూపిస్తుంది. అప్పుడు తేలుతుంది: స్వెటర్ వేడినీ పుట్టించదు, చలినీ పుట్టించదు, వేడి దాటిపోకుండా నెమ్మది చేస్తుంది, అంతే. మనిషి వేసుకుంటే లోపలి వేడి బయటికి పోనివ్వదు. మంచును చుడితే బయటి వేడి లోపలికి రానివ్వదు. ఈ వాక్యం మీరు చెప్పకండి, పిల్లల నోటి నుంచి వచ్చేదాకా ఓపిక పట్టండి.

లోలకం

దారం, చివర కట్టడానికి చిన్న బరువు, గడియారం. ఇంతకంటే చౌకగా ఇంత సైన్సు దొరికే వస్తువు నాకు తెలియదు. జట్లను మూడు రకాలుగా విడగొట్టండి. ఒక రకం బరువు మారుస్తుంది, ఒక రకం పక్కకి లాగే దూరం మారుస్తుంది, ఒక రకం దారం పొడవు మారుస్తుంది. తక్కిన రెండూ మార్చకూడదు. ఒకసారి ఒకటే మార్చాలన్న నియమం పిల్లలకు ఇక్కడే చేత్తో పట్టుకున్నట్టు తెలుస్తుంది.

ఒక ఊపును కొలవకండి, పది ఊపులకు పట్టిన కాలం కొలవండి. వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు. గడియారం నొక్కడంలో వచ్చే తేడా పది ఊపుల మీద పంచుకుపోతుంది. లెక్కపెట్టేవాళ్లు "ఒకటి" అని మొదలుపెడితే తొమ్మిది ఊపులే కొలిచినట్టవుతుంది, బరువును వదిలేటప్పుడు "సున్న" అనాలి. ఈ ఒక్క పొరపాటుతో మొత్తం పట్టిక పాడైన రోజులు నాకు ఉన్నాయి. పొడవును దారం కట్టినచోటి నుంచి బరువు మధ్యదాకా కొలవాలి.

బరువు మారినా కాలం మారదు. పక్కకి లాగే దూరం మార్చినా, కోణం 20 డిగ్రీలు దాటనంతవరకు, వాళ్ల గడియారానికి తేడా అందదు. మరీ పెద్ద కోణానికి లాగితే కాలం కొంచెం పెరుగుతుంది, ఆ సంగతి దాచకండి. పొడవు మారితే మాత్రం మారుతుంది. 25 సెం.మీ. లోలకం పది ఊపులకు సుమారు 10 సెకన్లు తీసుకుంటుంది. 50 సెం.మీ.కి ఎంత అని ఊహించమంటే 20 అంటారు. 14 దగ్గర వస్తుంది. క్లాసంతా మళ్లీ కొలుస్తుంది, మళ్లీ 14. అప్పుడు "20 సెకన్లు రావాలంటే దారం ఎంత ఉండాలి?" అని అడిగి వదిలేయండి. 75 అని ప్రయత్నిస్తారు, 17 పైన వస్తుంది. చివరికి ఒక మీటరు దగ్గర దొరుకుతుంది. పొడవు నాలుగు రెట్లయితే కాలం రెండు రెట్లు. వర్గమూలం అనే మాట మీరు అప్పుడు చెబితే, దానికోసం ఎదురుచూస్తున్న చెవుల్లో పడుతుంది. 1656లో క్రిస్టియాన్ హైగెన్స్ లోలకపు గడియారం తయారుచేసింది ఈ క్రమాన్ని నమ్ముకునే.

కొవ్వొత్తి, గ్లాసు: నేను తప్పు చెప్పిన ప్రయోగం

పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి నిలబెట్టి, పైన గ్లాసు బోర్లిస్తే దీపం ఆరిపోయి నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. "ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ అని రుజువైంది" అని చాలాచోట్ల చెబుతారు. చాలా ఏళ్లు నేనూ అలాగే చెప్పాను.

ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి లేచి, "దీపం వెలుగుతున్నంతసేపూ ఆక్సిజన్ తగ్గుతూనే ఉంటుంది కదా టీచర్, మరి నీళ్లు కూడా మెల్లమెల్లగా ఎక్కాలి కదా. ఆరిపోయాకే ఎందుకు గబుక్కున ఎక్కాయి?" అంది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు అందరం కలిసి మళ్లీ చేశాం, ఈసారి ఒక కొవ్వొత్తితో ఒకసారి, అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులతో ఒకసారి. గ్లాసు అదే, లోపలి ఆక్సిజన్ అంతే, కాబట్టి నీళ్లు అంతే ఎక్కాలి. మూడింటికి ఇంకా ఎక్కువ ఎక్కాయి. గ్లాసు దించేటప్పుడు అంచు దగ్గర బుడగలు రావడం కూడా ఒకబ్బాయి చూశాడు.

అసలు సంగతి ఇది: మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. దీపం ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, బయటి గాలి పీడనం నీళ్లను లోపలికి నెడుతుంది. గాలిలోని ఆక్సిజన్ అంతా అయిపోకముందే దీపం ఆరిపోతుంది. మీ క్లాసులో ఈ ప్రయోగం చేస్తే ఒక కొవ్వొత్తితో ఆపకండి, మూడింటితోనూ చేయండి, ముందు ఊహ రాయించండి. జుట్టు ముడి వేయించడం, వదులుగా వేలాడే బట్టలు సర్దించడం, తడిగుడ్డ అందుబాటులో పెట్టుకోవడం మరవకండి. వెలిగించే పని మీదే.

ఒక ఘటం (టార్చిలో వేసే బ్యాటరీ సెల్), ఒక టార్చి బల్బు, ఒకే ఒక్క తీగ ఇచ్చి బల్బు వెలిగించమనడం కూడా చక్కటి పని. ముందు బొమ్మ గీయించండి. బల్బు అడుగును ఘటం మీద ఆనిస్తే చాలనుకునేవాళ్లు చాలామంది, బల్బుకు రెండు చోట్ల తాకాలని చేతులు కదిలించాకే తెలుస్తుంది. ఎల్‌ఈడీతో చేయాలనుకుంటే 1.5 వోల్టుల ఘటం ఒక్కటి చాలదు, దిశ కూడా సరిపోవాలి. బల్బు లేకుండా తీగతో ఘటం రెండు కొసల్నీ కలిపితే తీగ వేడెక్కుతుంది, అలా పట్టుకుని ఉండనివ్వకండి. గోడ ప్లగ్గుతో ఈ ప్రయోగం ఎన్నడూ చేయకూడదని ప్రతిసారీ చెప్పండి.

లెక్కల క్లాసుకు

లెక్కల్లో ప్రయోగం ఏముంటుంది అంటారు కొందరు. తాడు కట్టండి, చూద్దురుగాని.

తాడు మీద సంఖ్యలు

గోడ నుంచి గోడకు తాడు కట్టి, ఎడమ కొసన 0, కుడి కొసన 1 అని రాసిన కార్డులు క్లిప్పులతో వేలాడదీయండి. 1/2, 0.35, 0.5, 3/8, 0.125, 3/4 లాంటి కార్డులు పిల్లలకు పంచండి. ఒక్కొక్కరు వచ్చి తమ కార్డు పెట్టాలి, ఎందుకు అక్కడే పెట్టారో చెప్పాలి. 1/2, 0.5 ఒకేచోట పెట్టాల్సి వచ్చినప్పుడు ఒక కార్డు కింద ఇంకో కార్డు క్లిప్పు పెట్టి వేలాడదీస్తారు. ఒకే సంఖ్యకు రెండు పేర్లన్న సంగతి అలా కంటికి కనబడుతుంది.

అంతా సర్దుకున్నాక కుడి కొసన ఉన్న 1 తీసి 2 పెట్టండి. "ఇప్పుడు ఎవరెవరు కదలాలి?" మొదట ఎవరూ లేవరు. తర్వాత ఒకరు 1/2 తీసుకెళ్లి తాడులో నాలుగో వంతు దగ్గర పెడతారు. అంతే, అందరూ ఒక్కసారిగా లేస్తారు. భిన్నం స్థానం తాడు పొడవు మీద కాదు, ఒకటి ఎక్కడుందో దాని మీద ఆధారపడుతుందని అప్పుడు తెలుస్తుంది.

దీని తర్వాతే భిన్నాల కూడిక. 1/2 + 1/3 అంటే పైవి పైవి, కిందివి కిందివి కలిపి 2/5 అనే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్లను దిద్దకండి. "1/2 పెద్దదా, 2/5 పెద్దదా?" అని అడిగి తాడు మీద పెట్టించండి. 2/5 సగానికి ఎడమ పక్కన పడుతుంది. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేమిటి? ఆ పిల్లే తలపట్టుకుంటుంది, ఆ పిల్లే తేల్చుకుంటుంది. 12 సెం.మీ. కాగితపు పట్టీ ఇవ్వండి. సగం 6 సెం.మీ., మూడో వంతు 4 సెం.మీ., కలిపితే 10. పన్నెండులో పది అంటే 5/6. పట్టీకి 12 ఎందుకు ఎంచుకున్నామో అడిగితే ఉమ్మడి హారం పాఠం సగం అయిపోయినట్టే.

దారంతో పై (π) విలువ

మూతలు, డబ్బాలు, గిన్నెలు, ఏవైనా గుండ్రటివి ఐదారు కావాలి. వ్యాసం ఎన్ని సార్లు పెడితే చుట్టూ తిరిగొస్తుంది? రెండుసార్లా, మూడుసార్లా, నాలుగుసార్లా? పెద్ద మూతకు ఎక్కువ సార్లు పడుతుందా? ఊహలు రాశాక దారంతో పరిధి, స్కేలుతో వ్యాసం కొలిచి పరిధిని వ్యాసంతో భాగించమనండి. 3.0 నుంచి 3.3 దాకా వస్తాయి. తర్వాత గ్రాఫు గీయించండి, వ్యాసం అడ్డంగా, పరిధి నిలువుగా. చుక్కలన్నీ ఇంచుమించు ఒకే గీత మీద వరుసకడతాయి. ఒక చుక్క దూరంగా పడితే ఆ జట్టు మళ్లీ కొలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఆర్యభటుణ్ని తీసుకురండి. 20,000 వ్యాసం ఉన్న వృత్తానికి పరిధి 62,832 అని ఆయన 499లో చెప్పాడు. భాగిస్తే 3.1416. అది "ఆసన్నం", అంటే దగ్గరి విలువ అని కూడా అన్నాడు. దారం సాగిందా, మూత సరిగ్గా గుండ్రంగా లేదా అని తంటాలు పడ్డ పిల్లలకు ఆ "ఆసన్నం" బరువు తెలుస్తుంది.

ఒకే దారం, వేరువేరు వైశాల్యాలు

24 సెం.మీ. దారం చుట్టను గళ్ల కాగితం మీద దీర్ఘచతురస్రాలుగా పరచమనండి. చుట్టుకొలత మారదు కాబట్టి వైశాల్యమూ మారదని చాలామంది రాస్తారు. పొడవు 11, వెడల్పు 1 అయితే వైశాల్యం 11 చదరపు సెం.మీ., 10 రెండు 20, 9 మూడు 27, 8 నాలుగు 32, 7 ఐదు 35, చివరికి 6 ఆరు 36. పెరిగే మొత్తాలు 9, 7, 5, 3, 1 అని ఒకరు కనిపెడతారు. కనిపెట్టకపోతే మీరు చెప్పకండి, ఇంకో పీరియడ్‌లో చూస్తారు.

పెద్ద పిల్లలకు దీనికి మేనత్త లాంటి లెక్క ఉంది. 18 సెం.మీ. చదరపు అట్ట ముక్క, నాలుగు మూలలా సమానమైన చదరాలు కత్తిరించి మడిస్తే మూత లేని పెట్టె వస్తుంది. ఎంత చదరం కత్తిరిస్తే పెట్టెలో ఎక్కువ పడుతుంది? జట్టుకో కొలత ఇవ్వండి. 1 సెం.మీ. అయితే 256 ఘన సెం.మీ., 2 అయితే 392, 3 అయితే 432, 4 అయితే 400, 5 అయితే 320. పెట్టెల్ని వరుసగా బల్ల మీద పేర్చితే పెరిగి తగ్గడం కళ్లకు కడుతుంది. "2.9 కత్తిరిస్తే 432 దాటుతుందా?" అని అడిగేవాళ్లు దొరికితే ఆ క్లాసు మీకు దక్కినట్టే. దాటదు, వాళ్లే లెక్కేసి చూసుకోవాలి.

పందెం గుర్రాలు

సంభావ్యతకు రెండు పాచికలు చాలు. బోర్డు మీద 1 నుంచి 12 దాకా గుర్రాలు గీయండి. ఒక్కొక్కరు ఒక గుర్రాన్ని ఎంచుకోవాలి. రెండు పాచికలు వేసి, మొత్తం ఎంత వస్తే ఆ గుర్రం ఒక గడి ముందుకు. 1వ నంబరు గుర్రాన్ని కావాలనే ఉంచండి. దాన్ని ఎంచుకున్నవాళ్లు పది పందేలు ఓపిగ్గా చూసి, "టీచర్, ఇది అసలు కదలదు!" అని అరిచే క్షణం చాలా విలువైంది. అసాధ్యం అన్న మాట అర్థం వాళ్లకు వాళ్లే కనుక్కున్నారు. రెండో ఆటకు అందరూ 6, 7, 8 మీదికి ఎగబడతారు. ఎందుకు? 36 జతల పట్టిక వాళ్ల చేతే రాయించండి. 7 ఆరు రకాలుగా వస్తుంది, 2, 12 ఒక్కో రకంగానే వస్తాయి. అప్పుడప్పుడు 5 గెలుస్తుంది, గెలవనివ్వండి. ఎక్కువ అవకాశం ఉన్నదే ప్రతిసారీ గెలవాలని లేదు, ఆ మాట కూడా పాఠంలో భాగమే.

జట్లు, గోల, వెనకబడ్డవాళ్లు

జట్టుకు నలుగురు చాలు. ఐదోవాళ్లు చూస్తూ కూర్చుంటారు. వస్తువులు తెచ్చి తిరిగిచ్చేవారు, చేసేవారు, కొలిచి రాసేవారు, "ఎలా తెలిసింది?" అని అడిగేవారు అని నాలుగు పనులు పంచండి. పనులు ప్రతిసారీ మారాలి. మార్చకపోతే చురుకైన అబ్బాయి చేస్తూనే ఉంటాడు, చక్కటి దస్తూరీ ఉన్న అమ్మాయి రాస్తూనే ఉంటుంది. ఏడాదంతా రాసిన పిల్లకు ఒక్కసారీ బ్యాటరీ చేతికి రాదు. దీని మీద కన్నేసి ఉంచండి, ఇది చిన్న విషయం కాదు.

గోల ఉంటుంది. ప్రయోగం మీద గోలను ఆపకండి. చెయ్యెత్తితే అందరూ ఆగాలన్న ఒక్క గుర్తు మొదటి వారంలోనే అలవాటు చేయండి. వస్తువుల్ని సూచనలు చెప్పాకే పంచండి. చేతిలో పాచికలు ఉంటే ఎవరికీ మీ మాట వినబడదు.

త్వరగా ముగించే పిల్లలకు ఇంకో పది లెక్కలు ఇవ్వకండి, అది శిక్షలా ఉంటుంది. "ఇందులో ఒకటి మార్చి కొత్త ప్రశ్న తయారుచెయ్" అనండి. ఆలస్యమయ్యే పిల్లలకు పని తగ్గించండి, ఆలోచన తగ్గించకండి. నాలుగు కొలతలకు బదులు రెండు తీసుకోమనండి. ఊహ మాత్రం వాళ్లూ రాయాలి, వాళ్లూ వాదించాలి.

చివరి ఐదు నిమిషాల్లో నోటుబుక్కులో పాత ఊహ కిందే ఒక వాక్యం: "నేను అలా అనుకున్నాను, కానీ ఇలా అయింది, ఎందుకంటే..." ఊహ సరైనవాళ్లు కూడా కారణం సరిచూసుకోవాలి. సరైన జవాబుకు తప్పు కారణం రాసినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మీరు ఇంటికి తీసుకెళ్లి చదవాల్సింది ఈ ఒక్క వాక్యమే, రేపటి ప్రశ్న అందులోనే దొరుకుతుంది.

గోడకు ఒక చార్టు అతికించి, జవాబు దొరకని ప్రశ్నలు దాని మీద రాయనివ్వండి. మీకు తెలియనివి వస్తాయి. "నాకూ తెలియదు, ఎలా తేల్చుకుందాం?" అని అడగండి. వారానికి ఒక ప్రశ్న తీసి చేసి చూడండి. లోలకం చేసిన వారం మా చార్టు మీద ఒకరు ఇలా రాశారు: "బరువును బకెట్ నీళ్లలో మునిగేలా పెట్టి ఊపితే పది ఊపులకు అంతే టైం పడుతుందా?" దారం, రాయి, బకెట్టు, గడియారం ఉంటే చాలు. ముందు అందరూ ఊహ రాయాలి.